జాతర గంపలో రాక్షసబల్లి

హుస్నాబాద్ రేణుకా ఎల్లమ్మ జాతరలో బొమ్మల దుకాణాల వరసలోకి పోతే, బుడగలు, పీకలు, ప్లాస్టిక్ ట్రాక్టర్ల నడుమ ఒక గంపలో కుప్పగా పోసిన రాక్షసబల్లులు కనిపిస్తాయి. అందులోంచి ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూశాను. ఆకుపచ్చ ఒళ్లు, వీపు మీద ముదురు రంగు చిమ్మినట్టు మచ్చలు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట గొంతు నుంచి తోక చివరి దాకా సన్నటి గీత. పొట్ట కింద ‘చైనా’ అని ఇంగ్లిషు అక్షరాలు. మనిషిలా నిటారుగా నిలబడి, లావుపాటి తోకను నేలకు ఆనించి, దాన్నే మూడో కాలు చేసుకుంది.

ఆ తోకను చూస్తే బొమ్మ పుట్టుక ఏ కాలం నాటిదో చెప్పవచ్చు. నిన్న మొన్న అచ్చు పోసినదైనా సరే, దాని వెనకున్న ఊహ మాత్రం యాభై ఏండ్లకు పైబడినది. ఒకప్పుడు మ్యూజియాలలోనూ చిత్రాల్లోనూ డైనోసార్లను అట్లాగే, తోక ఈడ్చుకుంటూ నడిచే మందకొడి జంతువులుగా చూపేవారు. 1969లో అమెరికా శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్ అనే చిన్న వేటాడే డైనోసార్‌ను వర్ణించాడు. దాని తోక ఎముకలు బిగుసుకుని కట్టెలా ఉన్నాయి, పరుగెత్తేటప్పుడు ఒళ్లు తూలకుండా కాపాడే తోక అది. ఆ తరువాత ఒక్కొక్కటిగా డైనోసార్ల తోకలు నేల విడిచి లేచాయి. మ్యూజియాలు ఎముకలను విప్పి మళ్లీ నిలబెట్టాయి, బొమ్మల కంపెనీలు కొత్త అచ్చులు చేయించాయి. జాతర గంపకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. అందుకే ఈ బొమ్మలు కూడబెట్టేవాళ్లు ఏ బొమ్మ చేతికొచ్చినా ముందు తోకను చూస్తారు.

ఈ సరదా ఎక్కడ మొదలైందంటే లండన్ పేరు చెప్పాలి. డైనోసార్ అనే మాటను రిచర్డ్ ఓవెన్ 1842లో పుట్టించాడు. మన ‘రాక్షసబల్లి’ దానికి తెలుగు చేసిన మాటే. 1854లో లండన్ శివారు సిడెనామ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ తోట తెరిచినప్పుడు బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ అనే శిల్పి, ఓవెన్ సలహాతో, నిలువెత్తు డైనోసార్లను చేసి నిలబెట్టాడు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ పెద్ద బొమ్మలకు చిన్న నకళ్లు చేయించి బడులకు, మ్యూజియాలకు అమ్మారు. బల్ల మీద పెట్టుకునే రాక్షసబల్లికి మూలపురుషులు అవే.

హాకిన్స్ చేసిన ఇగ్వానోడాన్‌కు ముక్కు మీద ఖడ్గమృగానికి ఉన్నట్టు కొమ్ము ఉంటుంది. దొరికిన ఎముకలు కొన్నే, అందులో ఒక ముల్లు ఎక్కడిదో తెలియక ముక్కు మీద పెట్టారు. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గు గనిలో, 300 మీటర్లకు పైగా లోతున, గని కార్మికులకు ఇగ్వానోడాన్‌ల నిండు అస్థిపంజరాలు గుంపుగా దొరికాయి. అప్పుడు తేలింది, అది కొమ్ము కాదు, చేతి బొటనవేలు అని. బొగ్గు గనుల నేల మీద పుట్టినవాళ్లం కనుక ఈ ముచ్చట మనకు దగ్గరగా తోస్తుంది. అయితే సింగరేణి బొగ్గు పొరలు డైనోసార్ల కన్నా పాతవి. వాటి పైన పేరుకున్న చిన్న వయసు రాళ్లలో మన డైనోసార్లున్నాయి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పిల్లల చేతికి ఈ బొమ్మలు చవకగా అందింది ప్లాస్టిక్ వచ్చాకే. 1950లలో అమెరికాలో లూయిస్ మార్క్స్ కంపెనీ డైనోసార్లను సెట్లుగా అమ్మింది. 1974 నుంచి ఇంగ్లండులో ఇన్విక్టా కంపెనీ బ్రిటిష్ మ్యూజియం ప్రకృతి విజ్ఞాన శాఖ కోసం ఒంటిరంగు బొమ్మలు చేసింది. నా లెక్కలో ఆటవస్తువు కాస్తా పాఠంగా మారిన మలుపు ఇదే, ఎందుకంటే ఒక మ్యూజియం తన పేరును బొమ్మ పొట్ట మీద వేయించింది. 1988లో సఫారీ కంపెనీ, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం కలిసి మొదలుపెట్టిన కార్నెగీ కలెక్షన్ స్కేలును ఖాయం చేసింది. అసలు జంతువు నలభై అంగుళాలుంటే బొమ్మ ఒక అంగుళం. అంతకు ముందు చాలా సెట్లలో చిన్న జంతువూ పెద్ద జంతువూ ఒకే సైజు బొమ్మలుగా ఉండేవి. స్కేలు వచ్చాక వాటిని పక్కపక్కన నిలబెడితే ఏది ఎంత పెద్దదో కంటికి తెలిసింది. ఆ వరస 2015లో ఆగిపోయింది. ఆగిపోయిన బొమ్మలను వెతికి కొనడమే ఇప్పుడు చాలామందికి వ్యాపకం. 1993 నాటి ‘జురాసిక్ పార్క్’ సినిమా తరువాత బజారు ఎంత పెరిగిందో వేరే చెప్పనక్కరలేదు. ష్లైష్, పాపో, కలెక్టా, చైనా నుంచి పీఎన్‌ఎస్‌ఓ, ఇట్లా కంపెనీలు చాలా ఉన్నాయి.

ఇక మన సంగతి.

మా హుస్నాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్. కరీంనగర్ క్వారీల నుంచి దేశాలకు పోయే రాయి ఇదే. దాని వయసు రమారమి 250 కోట్ల ఏండ్లు. భూమి లోపల కరిగి గట్టిపడిన రాయి కనుక అందులో ఎముక దొరకదు. కానీ ఉత్తరానికి, గోదావరి వైపు పోయినకొద్దీ రాయి మారుతుంది. ఇసుకరాయి, ఎర్ర బంకమట్టి, సున్నపురాయి పొరలు వస్తాయి. ప్రాణహిత, గోదావరి లోయలోని ఈ పొరలు పాతకాలపు జంతువులను దాచుకున్న పెట్టె లాంటివి.

ఆ పెట్టె మూత తెరిచిన తొలి మనుషుల్లో నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఒకడు. 1850లలో ఆయన కోట, మాలేరి ఊళ్ల శిలాజాలను పోగుచేసి పండితులకు చేర్చాడు. మాలేరి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోది. కోట ప్రాణహితకు అవతలి ఒడ్డున, సిరొంచకు దగ్గరలో ఉంటుంది. మాలేరి ఎర్రమట్టిలో చిలుక ముక్కులాంటి మూతి ఉన్న రింకోసార్లు, మొసలి లాంటి పారాసూకస్ దొరికాయి. ఇవి డైనోసార్లు కావు, వాటి తొలినాళ్ల తోటివారు. వంద ఏండ్ల తరువాత, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ పిలుపుతో వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ ఆ సంస్థలో శిలాజాల బృందాన్ని తయారుచేసింది. వాళ్లు సిరొంచ దగ్గరి పోచంపల్లిలో తవ్వితే దాదాపు 300 ఎముకలు బయటపడ్డాయి. తొడ ఎముక ఒక్కటే అయిదున్నర అడుగులు. 1975లో ఆ డైనోసార్‌కు బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో ‘బర పా’ అంటే పెద్ద కాలు. తవ్వకాలు జరిగిన 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కనుక రెండో పేరు ఆయనది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కోటసారస్. 1970లలో జియలాజికల్ సర్వే వాళ్లు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర తవ్వారు. 2,400 చదరపు మీటర్ల జాగలో 840 ఎముకలు దొరికాయి. అంటే అర ఎకరం కన్నా కొంచెం ఎక్కువ చెలకలో కనీసం పన్నెండు జంతువుల ఎముకలు. 1988లో పి. యాదగిరి దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ‘యామనపల్లికి చెందిన’ అని అర్థం. ప్రపంచంలో ఏ దేశం శాస్త్రవేత్త దాన్ని గురించి రాసినా మన ఊరి పేరు పలకక తప్పదు. ఆ ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, పొడవు 44 అడుగులు.

తరువాత కూడా పేర్లు వస్తూనే ఉన్నాయి. 2007లో లాంప్లూసౌరా ధర్మారామెన్సిస్. 2011లో జక్లపల్లిసారస్, నంబాలియా. 2025లో మాలేరిరాప్టర్. ధర్మారం, జక్లపల్లి, నంబాల, మాలేరి: బస్సు బోర్డుల మీద చదివే ఊళ్ల పేర్లివి.

మరి వీటి బొమ్మలేవి? నేను వెతికిన దుకాణాల్లో కోటసారస్ కనిపించలేదు. అందుకే ఒక ఎండాకాలం చెరువు మట్టి తెచ్చి నేనే మొదలుపెట్టాను. 44 అడుగులను నలభైతో భాగిస్తే 13 అంగుళాల పైచిలుకు. మొదటి బొమ్మ మెడ ఆరేటప్పుడు భుజం దగ్గర పగిలి రాలింది. రెండోదానికి లోపల ఇనుప తీగ పెట్టాను. మెడ నిలిచింది గానీ బొమ్మ ముందుకు వాలింది. తోకను పొడుగు చేసి, లావు చేసి, నేలకు తగలకుండా పైకి లేపితే అప్పుడు సరిగ్గా నిలబడింది. పుస్తకంలో చదివిన తోక పని నా వేళ్లకు అర్థమైంది ఆ రోజే. ఇక తల. యామనపల్లిలో పుర్రె దొరకలేదు, దొరికినవి రెండు పళ్లు. మ్యూజియంలో ఉన్న తల కూడా చుట్టపు జంతువులను చూసి ఊహించి చేసినదే. నా బొమ్మ తలను నున్నగా, గుర్తులేమీ లేకుండా వదిలేశాను. దొరకనిదాన్ని దొరికినట్టు చెక్కడానికి మనసొప్పలేదు.

మట్టి బొమ్మ నాకు చాలు, పిల్లల చేతికి చాలదు. దానికి నిర్మల్ ఉంది. మెత్తటి, తేలికపాటి పొనికి కొయ్యను చెక్కి, ముక్కలను రంపపు పొట్టు కలిపిన చింతగింజల ముద్దతో అతికి, నున్నగా చేసి రంగులు వేసే నకాషీలు అక్కడ తరతరాలుగా జింకలను, పక్షులను, పండ్లను నిజమనిపించేలా చేస్తున్నారు. కోటసారస్ వాళ్ల ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జంతువే. ఆ లోయ జంతువులకు ఆ అడవి కొయ్య కన్నా తగినది నాకు తోచదు.

ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా, పిల్లలతో హైదరాబాదు పోయినప్పుడు బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ దగ్గర కాసేపు ఆగండి. కొలతలు, ఫోటోలు తీసుకోండి. వాటిని పట్టుకుని నిర్మల్ పోయి ఒక్క బొమ్మకు ఆర్డరు ఇవ్వండి. 13 అంగుళాలు చాలు, తోక మాత్రం నేలకు తగలకూడదని చెప్పండి. పొట్ట కింద తెలుగులో ‘యామనపల్లి’ అని రాయించండి.