కొండ దారిలో నేర్చుకునే పెద్దరికం: భువనగిరి బండ నుంచి మన గుడియం గుహల దాకా



మన సంఘం కమిటీలో నలభై ఏళ్ళలోపు వాళ్ళు ఒక్కరూ లేరు. అధ్యక్షులు, కార్యదర్శి, లెక్కలు చూసే మేము, అందరం మనవళ్ళను ఎత్తుకున్నవాళ్ళమే. ఉగాది వస్తే పందిరి మొదలు మైకు దాకా మనమే చూస్తాం. పిల్లలు వస్తారు, ప్రైజు తీసుకుంటారు, ఫోటో దిగి వెళ్ళిపోతారు. "ఈ కాలం పిల్లలకు బాధ్యత తెలీదు" అని తర్వాత మనమే కూర్చుని మాట్లాడుకుంటాం. వాళ్ళ చేతికి బాధ్యత ఇచ్చింది ఎప్పుడు అని మాత్రం ఎవరూ అడగరు.

పోయిన మీటింగులో, ప్లస్ వన్, ప్లస్ టూ చదివే మన పిల్లలను గైడు తోడుతో అడవి నడకకు పంపుదాం అనే మాట వచ్చింది. సగం మంది వద్దన్నారు. ఆడపిల్లలను అడవికి పంపేదేమిటి అన్నారు కొందరు. చదువు చెడిపోతుంది అన్నారు కొందరు. నాయకత్వం నేర్పాలంటే హాల్లో క్లాసు పెడితే చాలదా అని ఒక పెద్దాయన అడిగారు. ఆ ప్రశ్న మంచి ప్రశ్న. దానికి జవాబు చరిత్రలో ఉంది. అందుకే ఈసారి పోస్టు పొడుగైంది. మేము తమిళ మీడియంలో చదివి, రైల్వేలో గుమాస్తాగా రిటైరైన వాళ్ళం. తెలుగు రాత ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది. మా తెలుగులో తమిళ వాసన ఉంటుందని ఈ పోస్టులు చదివే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అడవిలో నడిపించి మనిషిని తీర్చడం మనకు తెలియని సంగతి కాదు. శబరిమలకు పెద్ద దారిలో పోయే గుంపును చూడండి. ఎరుమేలి నుంచి అళుదా దాటి, కరిమల ఎక్కి, పంబకు దిగాలి. ఇరుముడి ఎవరిది వాళ్ళే మోయాలి. కలెక్టరైనా, కూలీ అయినా పిలుపు "స్వామీ" అనే. ముందు గురుస్వామి, వెనక కన్నిస్వామి. ఎక్కడ ఆగాలి, ఎక్కడ వండాలి, ఎవరికి కాలు బెణికితే ఏం చేయాలి, అన్నీ గురుస్వామికి తెలుసు. ఈ పద్ధతిలో ఎంతో మంచి ఉంది. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. కన్నిస్వామి గురుస్వామి కావడానికి 18 ఏళ్ళ లెక్క. ఆ లోపల అతని పని మాట వినడమే. మన సంఘం కూడా ఇలాగే నడుస్తోంది. భక్తికి అది సరిపోతుంది. 18 ఏళ్ళు ఆగే ఓపిక మాత్రం ఈ కాలంలో ఏ సంఘానికీ లేదు, అంతలో పిల్లలు బెంగళూరుకో, అమెరికాకో పోయి ఉంటారు.

ఈ లెక్కను తిరగేసిన వాళ్ళ కథ 1907 ఆగస్టులో మొదలవుతుంది. ఇంగ్లండులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవికి బేడెన్ పావెల్ అనే సైనికాధికారి సుమారు 20 మంది అబ్బాయిలను తీసుకుపోయాడు. పెద్ద బడుల్లో చదివే ధనవంతుల బిడ్డలు కొందరు, మామూలు ఇళ్ళ పిల్లలు కొందరు. వాళ్ళను నాలుగు జట్లు చేసి, ప్రతి జట్టుకూ ఆ పిల్లల్లోనే ఒకణ్ణి పెద్దగా పెట్టాడు. జట్టు బాగోగులు ఆ పిల్లవాడే చూసుకోవాలి. స్కౌటు ఉద్యమం అక్కడే పుట్టింది. మన దేశానికి అది 1909లోనే వచ్చింది, కానీ మొదట్లో తెల్లవాళ్ళ పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మన పిల్లలకు చోటు లేదు. అందుకని 1916లో మన మద్రాసులోనే అనీబిసెంటు భారతీయ బాలుర కోసం వేరే స్కౌటు సంఘం పెట్టారు. 1921లో బేడెన్ పావెల్ ఇండియాకు వచ్చినప్పుడు ఆ సంఘం ఆయన సంస్థలో కలిసింది. స్వతంత్రం వచ్చాక, 1950 నవంబరు 7న, విడివిడిగా ఉన్న స్కౌటు సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు ఆ యూనిఫారం బాగా తెలుసు.

రెండో మెట్టు యుద్ధకాలంలో వచ్చింది. జర్మను టార్పెడోలకు బ్రిటిష్ సరుకు ఓడలు మునుగుతున్న రోజులు. ప్రాణం కాపాడే పడవల్లోకి దిగిన నావికుల్లో, కండబలం ఉన్న కుర్రవాళ్ళే ముందు చనిపోతున్నారని, వయసైన నావికులు తట్టుకుని బయటపడుతున్నారని లారెన్స్ హోల్ట్ అనే ఓడల కంపెనీ యజమాని గమనించాడు. కుర్రవాళ్ళకు తక్కువైంది బలం కాదు, ధైర్యం చెప్పుకుని ఒకరినొకరు నిలబెట్టుకునే అలవాటు అని అతను నమ్మాడు. కర్ట్ హాన్ అనే బడి పంతులుతో కలిసి 1941లో వేల్సులోని అబర్‌డవీలో ఒక బడి పెట్టాడు. దాని పేరు అవుట్‌వర్డ్ బౌండ్. సముద్రం, కొండ, చిన్న గుంపు, కష్టమైన పని. ఆ బడిలో పాఠాలన్నీ ఇవే.

మూడో మెట్టు అమెరికాలో. పాల్ పెట్జోల్ట్ కొండలెక్కే మనిషి, 1938లో కే2 శిఖరానికి పోయిన జట్టులో ఒకడు. అవుట్‌వర్డ్ బౌండ్‌లో పనిచేస్తూ ఒక లోటు కనిపెట్టాడు. అడవికి పిల్లలను తీసుకుపోయే వాళ్ళు చాలామంది ఉన్నారు, నడిపించడం తెలిసినవాళ్ళే తక్కువ. అందుకని 1965లో వయోమింగ్ రాష్ట్రంలో వేరే బడి పెట్టాడు. దాన్ని నోల్స్ అంటారు. వాళ్ళ పద్ధతి మనం వినదగ్గది. వారాల తరబడి సంచి వీపున వేసుకుని నడక. రోజుకొకరు పెద్ద. ఈ రోజు ఎంత దూరం, ఏ దారి, నీళ్ళెక్కడ, ఎండ ఎక్కితే ఎక్కడ ఆగాలి, ఆ పెద్దే తేల్చాలి. గైడు పక్కనే నడుస్తాడు, ప్రాణానికి ముప్పయితే తప్ప అడ్డం రాడు. సాయంత్రం అన్నం తిన్నాక అందరూ కూర్చుని ఈ రోజు ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని ఆ రోజు పెద్ద ముఖం మీదే చెప్పాలి. మరునాడు ఇంకొకరి వంతు. కోర్సు ఆఖరున గైడు లేకుండా పిల్లలే చిన్న గుంపులుగా కొన్ని రోజులు నడుస్తారు. అప్పటికి గైడు పని అయిపోయినట్టు.

హాల్లో క్లాసు పెడితే చాలదా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. హాల్లో తప్పు నిర్ణయం తీసుకుంటే ఎవరికీ ఏమీ కాదు. దారిలో నీళ్ళు ఎక్కువ తాగేస్తే మధ్యాహ్నానికి అందరి గొంతూ ఎండుతుంది. ఎవరు ఎవరిని వదిలి ముందుకు పోయారో అందరి కళ్ళకూ కనిపిస్తుంది.

ఇదంతా దొరల కథ, మనకెందుకు అనేవాళ్ళకు మన తెలుగు కథ చెప్తాము. 1953లో ఎవరెస్టు ఎక్కిన టెన్‌జింగ్ నార్గేతో, మరుసటి ఏడే, 1954 నవంబరులో, డార్జిలింగులో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత, 2013లో, ఆ బడి మెట్లెక్కిన వాళ్ళలో ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు 20 మంది ఉన్నారు. కూలినాలి ఇళ్ళ బిడ్డలు. అప్పట్లో గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, ఐపీఎస్ అధికారి. శిక్షణ ఇచ్చింది శేఖర్ బాబు బచినేపల్లి, 2007లో తానే ఎవరెస్టు ఎక్కినవాడు.

మొదలు మాత్రం డార్జిలింగులో కాదు, హైదరాబాదు దగ్గరి భువనగిరిలో. చాళుక్యుల కాలం కోట ఉన్న ఆ ఒంటి రాతి బండ మీద వంద మందికి పైగా పిల్లలకు రాతి ఎక్కుడు నేర్పారు. ఆ పనిలో ఒక ఏర్పాటు ఉంది. పైన ఒకరు ఎక్కుతుంటే కింద ఒకరు తాడు పట్టుకుని నిలబడాలి. పైవాడి కాలు జారితే ఆపేది కిందివాడి చేయి. ఈ రోజు కింద నిలబడిన పిల్ల రేపు పైకి ఎక్కుతుంది. ఊళ్ళో ఏ పంచాయతీలోనూ ఎవరూ మాట అడగని ఇంటి బిడ్డ చేతిలో ఇంకొకరి ప్రాణం పెట్టారు. నమ్మకం మీద అంతకన్నా పెద్ద పాఠం ఏ క్లాసులో చెప్తారు?

ఆ పిల్లల్లోంచి కొందరిని లడఖ్ చలికి పంపి, చివరికి ఇద్దరిని ఎంచారు. నిజామాబాదు జిల్లా పాకాల ఊరి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్. 16 ఏళ్ళలోపు వాళ్ళకు నేపాలు అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి పోయారు. ఆ ఏప్రిల్ 18నే నేపాల్ వైపు హిమపాతంలో 16 మంది కొండ పనివాళ్ళు చనిపోయారు. అయినా ఈ పిల్లలు వెనక్కి రాలేదు. 2014 మే 25న ఇద్దరూ 8,848 మీటర్ల శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పుడు 13 ఏళ్ళ 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్లల్లో ప్రపంచంలోనే అతి చిన్నది. సరిగ్గా ఎనిమిది రోజులకు, జూన్ 2న, ఆ రాష్ట్రమే రెండైంది. గీతలు మారడం మనకూ తెలుసు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, మన పక్క ఊళ్ళు కొన్ని అటు పోయాయి. గీత ఎటు జరిగినా పూర్ణ మన భాష పిల్లే. ఆమె అక్కడితో ఆగలేదు, 2022లో అలాస్కాలోని డెనాలీ ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. ఆడపిల్లలను పంపేదేమిటి అన్న మాటకు ఇంతకన్నా ఎక్కువ జవాబు మేము చెప్పము.

భయపడే వాళ్ళ మాటలో న్యాయం లేదని మేము అనడం లేదు. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు పోయిన వాళ్ళను అడవి మంట చుట్టుముట్టింది. 20 మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది ఆడవాళ్ళు. ఎండాకాలం, ఎండిన గడ్డి, గాలి. కాలం సరైనదేనా, అనుమతి ఉందా, దారి తెలిసిన మనిషి తోడున్నాడా, ఈ మూడూ ముందే ఖాయం చేసుకోవాలి. మనకు దగ్గరి నాగలాపురం కొండల్లో కూడా మడుగుల్లో మునిగి పిల్లలు చనిపోయిన వార్తలు మీరు చదివే ఉంటారు. పిచ్చాటూరు డ్యాము తెరిస్తే మన ఆరణి ఏరు ఎలా వస్తుందో పెరియపాళయం వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఏటికి నీళ్ళు పంపే కొండలవి.

కురంగణి తర్వాత తమిళనాడు ప్రభుత్వం అడవి నడకలకు నియమాలు పెట్టింది. 2024 అక్టోబరులో అటవీశాఖ ట్రెక్ తమిళనాడు అని పథకం మొదలుపెట్టింది. 14 జిల్లాల్లో 40 దారులు. అడవి పక్క ఊళ్ళ వాళ్ళకే శిక్షణ ఇచ్చి గైడులుగా పంపుతారు. మంటల కాలంలో దారులు మూసేస్తారు. ఆ దారుల్లో మన తిరువళ్ళూరు జిల్లాది ఒకటుంది, పూండి దగ్గరి గుడియం గుహలు. పక్కనే అత్తిరంబాక్కం. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ ఆదిమానవుల రాతి పనిముట్లు కనిపెట్టాడు. వాటిలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఎక్కడెక్కడికో పోయే మన పిల్లలు మన గడప ముందున్న ఆ చోటు చూడలేదు.

మేము చెప్పేది ఇదీ. ఎవరెస్టు వద్దు, రెండు రోజులూ వద్దు. మొదట గుడియానికి ఒక్క పగటి నడక. వానలు వెనకబడ్డాక, మార్గళిలోనో తై నెలలోనో, అటవీశాఖ గైడుతో. పిల్లల్లో సగం ఆడపిల్లలు, తోడు మన అక్కల్లో ఇద్దరు. అరగంటకొక పిల్లో పిల్లవాడో పెద్ద. దారి గైడుది, జట్టును చూసుకోవడం ఆ పిల్లలది. నీళ్ళు, తిండి, మందుల పెట్టె ఎవరు మోయాలో వాళ్ళే పంచుకోవాలి.

మనం పెద్దలం ఎక్కడ నడవాలి అంటే, చివర. రైలు స్టేషను దాటేటప్పుడు స్టేషను మాస్టరు ఇంజను చూసి ఊరుకోడు. ఆఖరి పెట్టె వెనక ఎల్‌వీ బోర్డు కనిపించాలి. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చింది, మధ్యలో పెట్టెలేవీ తెగి ఉండిపోలేదు అని లెక్క. కొండ నడకలోనూ అంతే, ఆఖరి మనిషి దాటాడా అని చూసే ఒకరు వెనక ఉండాలి. అది మన వయసుకు తగిన పని. చివర నడుస్తూ, ప్రమాదం లేనంత సేపూ నోరు మూసుకోవాలి. మనలో చాలామందికి కొండ కన్నా అదే కష్టం.

ఆఖరి మాట. నడిచి వచ్చిన పిల్లలకు మళ్ళీ కుర్చీలు సర్దే పనే ఇస్తే ఆ రోజు పిక్నిక్కు అయిపోతుంది. భువనగిరి పిల్లలకు తాడు ఇచ్చినట్టు మనమూ ఏదో ఒకటి ఇవ్వాలి. వచ్చే ఉగాది మొత్తం వాళ్ళ చేతికి ఇద్దాం, వసూలు నుంచి ఖర్చు దాకా. అయిదు వందలో వెయ్యో తేడా వస్తే రానివ్వండి, తర్వాత కూర్చుని వాళ్ళతోనే లెక్క చూద్దాం. వచ్చే మీటింగులో దీనికి చేయెత్తే వాళ్ళు ముందే కింద పేరు రాయండి. వద్దనేవాళ్ళు కారణం కూడా రాయండి, మాట్లాడుకుందాం. సంఘం లెక్కల పుస్తకం మా దగ్గరే ఉంది. అట్ట వేసి, పాత బాకీలు వేరే కాగితం మీద రాసి సిద్ధంగా పెట్టాము.