జిల్లాను పుస్తకంలో పెట్టిన కథ

భూమి, నీరు, పంటలు, జనాభా, శిస్తు, పాత చరిత్ర, ముఖ్యమైన ఊళ్ళు - ఒక జిల్లాకు సంబంధించిన వివరాలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకాన్ని మొదట మాన్యువల్ అనీ, తరువాత గెజిటీర్ అనీ పిలిచారు. పరాయి దేశం నుంచి వచ్చి, కొన్నేళ్ళకే బదిలీ అయ్యే కలెక్టరుకు కచేరీలోని కాగితాల కట్టలు విప్పే తీరిక ఉండదు. ఆ అవసరంలోంచే ఈ పుస్తకాలు పుట్టాయి. మద్రాసు రాజధానిలో 1868లో నెల్సన్ రాసిన మధుర గ్రంథం తొలినాటిది.

మన ప్రాంతం వంతు 1878లో వచ్చింది. హెన్రీ మోరిస్ రాసిన గోదావరి జిల్లా గ్రంథం ఆ ఏడు లండనులో అచ్చయింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి పాతికేళ్ళు దాటింది. ఏలూరు అప్పుడు గోదావరి జిల్లాలోనే ఉండేది. 1883లో గార్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ వెలువడింది.

1904లో జిల్లాల హద్దులు మారి ఏలూరు, తణుకు, భీమవరం తాలూకాలు కృష్ణా జిల్లాకు వెళ్ళాయి. అందుకే 1907లో హెమింగ్వే కూర్చిన గోదావరి గెజిటీర్‌లో తాలూకాల వివరాల మధ్య ఏలూరు కనబడదు. ఊరు ఉన్నచోటనే ఉంది, పుస్తకమే మారిపోయింది. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాక కూడా, దానికి సొంత గెజిటీర్ స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్ళకు గానీ రాలేదు. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ హద్దులు కదిలాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో మిగిలింది. ఏలూరు పేరిట కొత్త జిల్లా వచ్చి, కైకలూరు వైపు కొల్లేటి గ్రామాలు అందులో చేరాయి. మన తాతల కాలం నాటి సంగతి వెతకాలంటే ముందుగా అడగవలసిన ప్రశ్న: ‘అప్పుడు మనది ఏ జిల్లా?’

ఈ వెతుకులాట కేవలం సరదా కోసం కాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని పట్టి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలేది కొల్లేరు. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు కొట్టారు. ఏది సరస్సు, ఏది సాగుభూమి అన్న వాదన నేటికీ తెగలేదు. చెరువులు తవ్వకముందు నీరు ఎంతవరకు వచ్చేదో చెప్పగల సాక్షులు మనుషుల్లో తగ్గిపోతున్నారు. ఇకమీదట సాక్ష్యం పాత పుస్తకాలదే.

అయితే ఆ పుస్తకాలు కలెక్టరు కోసం రాసినవి. శిస్తు ఎంతో వాటిలో దొరుకుతుంది. లంక గ్రామం నుంచి దోనె మీద బడికి వచ్చిన పిల్లవాడి పేరు దొరకదు. ఆ పేరు ఉండేది బడి అడ్మిషన్ రిజిస్టరులో, ఇలాంటి సంచికలో. పూర్వ విద్యార్థులకూ, గురువులకూ ఒక మనవి: మీ ఇంట్లో ఉన్న బడి ఫోటోల వెనుక సంవత్సరం, నిలుచున్నవారి పేర్లు ఈ వారమే రాసిపెట్టండి. మన జిల్లా పేరు మళ్ళీ మారినా ఆ పేర్లు మారవు.