చట్ట పరిభాషలో బుద్ధిమాంద్యం: ఆరోగ్యహక్కు పరిణామం (1912–2017)

సంగ్రహం:
బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వికాస వైకల్యాలు గల వ్యక్తులను భారతదేశ చట్టాలు వేర్వేరు కాలాల్లో వేర్వేరు పేర్లతో నిర్వచించాయి. పేరు మారినప్పుడల్లా వారి ఆరోగ్యానికి బాధ్యత వహించే వ్యవస్థ కూడా మారింది. 1912 నుండి 2017 వరకు వచ్చిన ప్రధాన చట్టాల నిర్వచనాలను క్రమంగా పరిశీలించి, ‘ఉన్మాదం’ నుండి వేరుపడిన బుద్ధిమాంద్యం ‘ఆరోగ్యం’ నుండి కూడా ఎలా దూరమైందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బుద్ధిమాంద్యం, వికాస వైకల్యం, ఆరోగ్యహక్కు, సంరక్షకత్వం, సమ్మతి.

1. ఉపోద్ఘాతం

మందబుద్ధి, బుద్ధిమాంద్యం, మానసిక వికలాంగులు, మేధోవైకల్యం, దివ్యాంగులు – ఈ మాటలన్నీ నేటి తెలుగు వాడుకలో పక్కపక్కనే కనిపిస్తాయి. వీటిలో ‘మానసిక వికలాంగులు’ అనే మాట మనోవ్యాధిని, బుద్ధిమాంద్యాన్ని ఒకే గాటన కడుతుంది. మనోవ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు; చికిత్సతో తగ్గవచ్చు. బుద్ధిమాంద్యం ఎదుగుదల కాలంలోనే ఏర్పడే స్థితి. దానికి కావలసింది శిక్షణ, తోడ్పాటు. ఈ భేదం కేవలం పదచర్చకు సంబంధించినది కాదు. ఒక వ్యక్తిని ఎక్కడ ఉంచాలి, ఎవరు చూడాలి, ఆమె శరీరంపై నిర్ణయం ఎవరిది అనే ప్రశ్నలకు సమాధానం దీనిమీదే ఆధారపడింది.

2. 1912: ఒకే నిర్వచనంలో ఇద్దరు

1912 నాటి భారత ఉన్మాద చట్టం ‘ఉన్మాది’ అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలో జడబుద్ధి గలవారిని, మతిస్థిమితం లేనివారిని కలిపి పేర్కొంది. ఆ చట్టం దృష్టిలో ఇద్దరికీ ఒకటే గమ్యం – ఉన్మాద చికిత్సాలయం. అక్కడికి పంపే ప్రక్రియలో వైద్యుని ధ్రువపత్రంతో పాటు మేజిస్ట్రేటు ఉత్తర్వుకు ప్రాధాన్యం ఉండేది. సమాజాన్ని వారినుండి కాపాడటం, వారి ఆస్తికి నిర్వాహకుని నియమించడం ఆ చట్టంలో ప్రధానాంశాలు. లోపలికి వెళ్ళినవారికి ఎదుగుదలకు తగిన శిక్షణ ఇవ్వాలన్న ఊహ అందులో లేదు.

3. రాజ్యాంగం: మూడు పద్దులు

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఈ విషయం మూడు చోట్ల చెదిరి కనిపిస్తుంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో 6వ పద్దు. వికలాంగులకు, పనిచేయలేనివారికి సహాయం అదే జాబితాలో 9వ పద్దు. ఉన్మాదం, బుద్ధిలోపం, వారిని ఉంచే స్థలాలు ఉమ్మడి జాబితాలో 16వ పద్దు. ఆరోగ్యం ఒకచోట, సహాయం మరొకచోట, నిర్బంధం ఇంకొకచోట నిలిచాయి. తర్వాతి కాలంలో వైద్య శాఖకు, సంక్షేమ శాఖకు మధ్య ఏర్పడిన ఎడానికి ఈ విభజన ఒక పునాది.

4. 1987: విడదీత, దాని మూల్యం

1987 మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి 1912 చట్టాన్ని తొలగించింది. చికిత్స అవసరమైన మానసిక రుగ్మత ఉన్నవారే దాని పరిధిలోకి వస్తారు. బుద్ధిమాంద్యాన్ని నిర్వచనమే స్పష్టంగా మినహాయించింది. చికిత్సాలయ నిర్బంధానికి వీరిని గురిచేయకూడదన్న కోణంలో ఇది పెద్ద ముందడుగు.

అయితే వ్యాధి కాదన్న నిర్ణయం క్రమంగా వైద్య వ్యవస్థకు సంబంధం లేనిదన్న భావనగా స్థిరపడింది. వికాస వైకల్యం వ్యాధి కాకపోయినా, దానితో జీవించే వారికి వ్యాధులు రాకుండా ఉండవు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలోపం ఉంటుంది. థైరాయిడ్ సమస్యలు వారిలో తరచుగా కనిపిస్తాయి. సెరిబ్రల్ పాల్సీ గలవారిలో మూర్ఛ అధికం. నొప్పిని మాటల్లో చెప్పలేని వ్యక్తి తల బాదుకుంటే, దాన్ని చెవిపోటుగానో పంటినొప్పిగానో కాక ‘వాళ్ళ తీరే అంత’ అని కొట్టివేసే ప్రమాదం ఉంది. వైకల్యమే వ్యాధిని కప్పివేసే స్థితి ఇది.

5. సంక్షేమం: సికింద్రాబాద్ నుండి జాతీయ న్యాసం వరకు

1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థను స్థాపించింది. ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణ, పరిశోధన, కుటుంబాలకు మార్గదర్శనం దాని బాధ్యతలు. అనంతరం దాని పేరు మేధో వైకల్యం గలవారి సాధికారతను సూచించేలా మారింది. తెలుగునేల మీద వెలసిన ఈ జాతీయ సంస్థ ఆరోగ్య మంత్రిత్వ శాఖ కింద కాక సంక్షేమ రంగంలో ఉండటం గమనార్హం.

1995 వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో బుద్ధిమాంద్యం, మానసిక అస్వస్థత వేర్వేరుగా ఉన్నాయి. కాని ఆ చట్టంలో ఆరోగ్య ప్రస్తావన ముఖ్యంగా వైకల్య నివారణకు, తొలిదశలో గుర్తింపునకు సంబంధించినది. వైకల్యం రాకుండా చూడటం గురించి చెప్పిన చట్టం, వైకల్యంతో జీవిస్తున్నవారి ఆరోగ్యాన్ని అంతగా పట్టించుకోలేదు.

1999 జాతీయ న్యాస చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు ప్రత్యేకించినది. ‘మా తర్వాత మా బిడ్డకు దిక్కెవరు?’ అన్న తల్లిదండ్రుల వేదనకు అది సమాధానం వెదికింది. పద్ధెనిమిదేళ్ళు నిండినవారికి సంరక్షకుని నియమించే అధికారం జిల్లాస్థాయి సంఘానికి దక్కింది. ఈ న్యాసం ఆధ్వర్యంలో వచ్చిన ‘నిరామయ’ పథకం, ముందస్తు వైద్యపరీక్షలు లేకుండా లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తూ, నిరంతర చికిత్సా శిక్షణల ఖర్చునూ పరిగణించింది. వైకల్యాన్ని కారణంగా చూపి బీమాను నిరాకరించే ధోరణికి ఇది ప్రత్యామ్నాయం.

6. సమ్మతి ఎవరిది?

1994లో పుణెలో, ప్రభుత్వ ఆశ్రయంలోని బుద్ధిమాంద్యం గల కొందరు బాలికలకు గర్భాశయాలను తొలగించారు. ఋతుస్రావ సమయంలో శుభ్రత కష్టమన్నది చూపిన కారణాల్లో ఒకటి. సంరక్షణలోని అసౌకర్యానికి శస్త్రచికిత్సను పరిష్కారం చేయడంపై మహిళా సంఘాలు తీవ్రంగా నిరసించాయి. ఆరోగ్యం పేరిట జరిగే చర్య కూడా హక్కుల ఉల్లంఘన కావచ్చన్న ఎరుకను ఈ ఘటన దేశం ముందుంచింది.

పదిహేనేళ్ళ తర్వాత సుచితా శ్రీవాస్తవ వర్సెస్ చండీగఢ్ పాలనాయంత్రాంగం కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ప్రభుత్వ ఆశ్రమంలో ఉండగా అత్యాచారానికి గురై గర్భవతి అయిన, స్వల్ప బుద్ధిమాంద్యం గల ఒక అనాథ యువతి బిడ్డను కనాలని కోరుకుంది. హైకోర్టు గర్భవిచ్ఛిత్తికి ఆదేశించింది. సుప్రీంకోర్టు 2009లో ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. తీర్పుకు కీలకమైనది నిర్వచనమే. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టంలోని ‘ఉన్మాది’ పదాన్ని 2002 సవరణ ‘మానసిక అస్వస్థత గల వ్యక్తి’గా మార్చి, అందులోనుండి బుద్ధిమాంద్యాన్ని మినహాయించింది. కనుక వయోజనురాలైన ఆ యువతి విషయంలో సంరక్షకుని అనుమతి ఆమె సమ్మతికి బదులు కాజాలదని న్యాయస్థానం తేల్చింది. ఒక పదం మారడం వల్ల ఒక స్త్రీకి తన దేహంపై నిర్ణయాధికారం మిగిలింది.

7. 2016 చట్టం, మిగిలిన ఎడం

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. వైకల్యాల సంఖ్య 21కి పెరిగింది. 10వ సెక్షన్ స్వేచ్ఛాయుత సమ్మతి లేకుండా సంతానశక్తిని పోగొట్టే వైద్యచర్యను నిషేధించింది. 25వ సెక్షన్, కుటుంబ ఆదాయ పరిమితికి లోబడి, ముఖ్యంగా గ్రామీణ ప్రాంతాల్లో దగ్గరలోనే ఉచిత వైద్యం, ఆసుపత్రుల్లో అవరోధాల తొలగింపు, చికిత్సలో ప్రాధాన్యం ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. నివారణ స్థానంలో ఆరోగ్యహక్కు ప్రవేశించింది.

ఆచరణలో రెండు లోపాలు కనిపిస్తాయి. మొదటిది వయసుకు సంబంధించినది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఎదుగుదల లోపాలను గుర్తించి జిల్లా కేంద్రాలకు పంపే ఏర్పాటు చేసింది. దాని పరిధి 18 ఏళ్ళతో ముగుస్తుంది. వైకల్యం ఆ వయసుతో ముగియదు. రెండవది ధ్రువపత్రానికి సంబంధించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సదరం విధానం వైకల్యాన్ని శాతాల్లో కొలుస్తుంది. ఆ శాతం పింఛనుకు అర్హతను చెబుతుంది గాని, గుండెను ఎప్పుడు పరీక్షించాలో, మూర్ఛమందు అందుతున్నదో లేదో చెప్పదు.

8. ముగింపు

1912 చట్టం బుద్ధిమాంద్యాన్ని ఉన్మాదంతో కలిపి నిర్బంధించింది. 1987 చట్టం విడదీసి విముక్తం చేసింది. వైద్యానికి దూరమూ చేసింది. 2009 తీర్పు ఆ విడదీతలోనే వ్యక్తి సమ్మతికి ఆధారాన్ని కనుగొన్నది. 2016 చట్టం వైకల్యాన్ని వ్యాధిగా మార్చకుండానే ఆరోగ్యాన్ని హక్కుగా ప్రకటించింది. ఈ నాలుగు దశలను కలిపి చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది: ‘ఇది వ్యాధి కాదు’ అన్న మాట ఎంత సత్యమో, ‘వీరికి వైద్యం అక్కరలేదు’ అన్న అర్థంలో దాన్ని వాడటం అంత అసత్యం. వైకల్య ధ్రువపత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుని చేతికి చేరి, అక్కడ చికిత్సకు ఆధారమైనప్పుడే 25వ సెక్షన్ ఆచరణగా మారుతుంది.