గోబర్ గ్యాసులో మండని వాటా

గోబర్ గ్యాస్ అనగానే నా వయసు వాళ్ళకి పెరట్లో గుంత, దాని మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము గుర్తొస్తాయి. 1981-82లో కేంద్రం జాతీయ పథకం పెట్టాక అవి పల్లెల్లో ఎక్కువయ్యాయి. పొద్దున్నే పెండ, నీళ్ళు కలిపి తొట్టిలో పోసే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. అయినా పిడకల పొగ తప్పిందని సంతోషపడ్డాం.

మంట మాత్రం సిలిండర్ గ్యాసంత జోరుగా ఉండదు. తప్పు పెండది కాదండీ. ఆ గ్యాసులో ముఖ్యంగా మండేది మీథేన్. అది వందకి 55 నుంచి 60 వంతులే. మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. అది మండదు సరికదా, మంట వేడినీ తగ్గిస్తుంది.

ఆ మండని వాటాని కూడా మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులు ఉన్నాయని హాలెండ్ శాస్త్రవేత్త సోన్‌గెన్ 1906లోనే చూపించాడు. గాలి సోకని చోట హైడ్రోజన్ అందిస్తే, అవి దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్, నీళ్ళు చేస్తాయి. అలాంటివి మన గుంతలోనూ ఉన్నాయట! హైడ్రోజన్ చాలకే ఆ వాటా మిగిలిపోతోంది. తోడు ఉన్నా పాలు లేకపోతే పెరుగు కాదు కదా, అలాగన్నమాట.

మరి ఇన్నేళ్ళు ఎందుకు ఆగింది? నీళ్ళని కరెంటుతో విడగొడితే హైడ్రోజన్ వస్తుంది, కానీ ఆ కరెంటే ఖరీదు. గాలిమరల కరెంటు పెరిగిన డెన్మార్క్‌లో 2016లో కోపెన్‌హాగెన్ దగ్గర అవెడోర్ మురుగునీటి కేంద్రంలో ఒక మెగావాట్ ప్లాంటు పెట్టి ఈ జీవాలతో పని చేయించారు.

మన హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఐఐసీటీ పద్ధతిలో కూరగాయల చెత్త నుంచి గ్యాసు తీసి కరెంటు చేస్తున్నారు. అంటే మొదటి మెట్టు మన దగ్గరా ఉంది.

రెండో మెట్టు ఇంటి గుంతలో అయ్యేది కాదు, ఊరంతా కలిస్తేనే సాధ్యం. మా ధరూర్ మండలంలో పశువులున్నాయి, రేవులపల్లి దగ్గర జూరాల డ్యామ్ మీద కరెంటూ తయారవుతోంది. రేపు ఇలాంటి ప్లాంటు వస్తే పెండ ఎత్తే పని మళ్ళీ మన చేతికే వస్తుంది. అప్పుడు పెండకి వెల ఎంత, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది అని మనం ముందే అడగాలి. పొగ తప్పింది చాలు అని ఈసారి ఊరుకోకూడదు.