డోరా జోర్డన్ సంతానం: నాటక కరపత్రాల్లో కుటుంబ చరిత్ర

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఒక నటి పిల్లల వివరాలు వెదికేవారికి చర్చి రిజిస్టర్లు, అనగా జ్ఞానస్నాన, వివాహ, ఖననాల నమోదు పుస్తకాలు, మాత్రమే చాలవు. పెళ్లి లేనిచోట తండ్రి పేరు తరచు మరుగున పడేది, రంగస్థల నామం అసలు పేరును కప్పివేసేది. ఏనాడూ వివాహమాడని నటి డోరా జోర్డన్‌కు (1761–1816) ‘మిసెస్ జోర్డన్’ అన్న పేరు, డబ్లిన్ నాటకశాల నిర్వాహకుడు రిచర్డ్ డేలీ వల్ల గర్భవతియై 1782లో ఇంగ్లండుకు పారిపోయి వచ్చాక ఏర్పడినదే. డేలీ వల్ల ఒక కూతురు, న్యాయవాది రిచర్డ్ ఫోర్డ్ వల్ల మరికొందరు, అటుపై మూడవ జార్జి రాజు కుమారుడైన క్లారెన్స్ డ్యూక్ విలియంతో సహజీవనంలో పదిమంది ఆమెకు కలిగారు.

ఏ రాత్రి ఏ పాత్ర ఎవరిదో తెలిపే డ్రూరీ లేన్ నాటకశాల కరపత్రాల్లో ఆమె పేరు కొన్ని నెలలు కనబడకపోతే అది ప్రసవకాలం కావచ్చు. అయితే అనారోగ్యమూ అలాంటి ఖాళీనే మిగుల్చుతుంది గనుక, ఉత్తరాలతో సరిపోల్చనిదే ఆ ఊహ నిలవదు.

అన్నిటికన్నా విలువైనది 1811లో ఆమె, డ్యూక్ విడిపోయినప్పటి ఒప్పందం: ఆమె తిరిగి రంగమెక్కితే చిన్న కూతుళ్ల పెంపకమూ, వారికై ఇచ్చే భత్యమూ డ్యూక్‌కే చెందాలన్న షరతు అందులో ఉంది. అప్పులు తరుముతుండగా ఆమె రంగమెక్కింది, పిల్లలు దూరమయ్యారు. విలియం రాజయ్యాక, 1831లో, పెద్దకొడుకు జార్జి మన్‌స్టర్ ఎర్ల్ అయ్యాడు. అందుకే ఆ పదిమంది వివరాలు కులీన వంశావళుల్లో సులువుగా దొరుకుతాయి.