ధాత కరువు నుంచి అంగన్‌వాడీ ఉప్మా దాకా: అమ్మ తిండి, బిడ్డ ఒంట్లో కొవ్వు

ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మన కర్నూలు, కడప వైపు ఇలాంటి మనుషుల్ని మీరు చూసే ఉంటారు. కాళ్లూ చేతులూ సన్నగా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చి ఉంటుంది. బరువు చూస్తే అరవై కిలోలే. కానీ ముప్పై అయిదేళ్లకే షుగర్. "వీడేం లావున్నాడని షుగరొచ్చింది?" అని ఇంట్లోవాళ్లే అడుగుతారు.

బిర్యానీలు, కూల్ డ్రింకులు, కూర్చుని చేసే ఉద్యోగాలు, ఇవన్నీ కారణాలే, కాదనను. కానీ జవాబులో ఇంకో ముక్క ఉంది. అది మనం పుట్టకముందే, అమ్మ కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. అమ్మ పళ్లెంలో ఏముందో అర్థం కావాలంటే కొంచెం చరిత్ర చూడాలి.

1876కి వెళ్దాం. తెలుగు సంవత్సరం పేరు ధాత. అందుకే మన పెద్దవాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు. వానలు ఎగ్గొట్టాయి. కర్నూలు, కడప, బళ్లారి బాగా దెబ్బతిన్నాయి. అంతకు పదేళ్ల ముందే, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యంతో వేలమందికి అన్నం పెట్టిన కథ మీకు తెలిసే ఉంటుంది. ఈసారి కరువు ఒక దాత వల్ల ఆగేది కాదు. 1871 లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 9 లక్షలకు పైనే. 1881కి 7 లక్షల లోపుకు పడిపోయారు. అంటే సుమారు పావు వంతు మంది లేరు. చనిపోయినవాళ్లు, వలసపోయినవాళ్లు, అసలు పుట్టనివాళ్లు, అందరూ ఆ లెక్కలోనే ఉన్నారు.

ఇక్కడ ఒక గొడవ జరిగింది, దాన్ని కాస్త జాగ్రత్తగా వినండి. కరువు పనుల్లో రోడ్లు వేసే, మట్టి మోసే కూలీకి ఎంత ఇవ్వాలి? 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర ఖర్చు తగ్గించడానికి ఒక లెక్క కట్టాడు. మగమనిషికి రోజుకి ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం ఖరీదు, దాని మీద ఒక అణా. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. మద్రాసులో శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ దీనికి అడ్డం తిరిగాడు. రోజంతా కష్టం చేసే ఒంటికి ఇది సరిపోదు, ధాన్యం పెంచాలి, పప్పు, కూరగాయలు కూడా ఉండాలి అని రాతపూర్వకంగా పోట్లాడాడు. కొన్ని నెలల తర్వాత కూలి కొంత పెంచారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ మట్టి తట్టలు మోసినవాళ్లలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు కూడా ఉంటారు కదా. ఆమెకు ఎంత తిండి దొరకాలనేది ఆమె చేతిలో లేదు. ఎక్కడో కూర్చున్న ఒక దొర చేతిలో ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

అలాంటి ఆకలి కడుపులో బిడ్డను ఏం చేస్తుంది? దీనికి గట్టి ఆధారం యూరప్‌లో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, జర్మన్లు పశ్చిమ హాలండుకు తిండి రాకుండా చేశారు. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్న మగపిల్లలు 19 ఏళ్లకు మిలిటరీ పరీక్షలకు వచ్చారు. సుమారు 3 లక్షల మంది రికార్డులు చూసి 1976లో ఫలితం బయటపెట్టారు. గర్భం మొదటి సగంలో ఆకలి తగిలిన వాళ్లలో ఊబకాయం ఎక్కువ. చివరి నెలల్లో తగిలిన వాళ్లలో తక్కువ. తల్లి తినకపోతే బిడ్డ జీవితాంతం సన్నగానే ఉంటుంది అనుకుంటాం కదా, అది తప్పని తేలింది. ఎంత ఆకలి అనేదే కాదు, ఏ నెలలో అనేది కూడా ముఖ్యం.

మన దేశానికొద్దాం. పుణే దగ్గర పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1990ల్లో గర్భిణుల తిండి, తర్వాత పిల్లల కొలతలు రాసుకుంది. అక్కడి పిల్లల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌ పిల్లలది 3.5 కిలోలు. కండ తక్కువ, పొట్టలోని అవయవాలు చిన్నవి. కానీ వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. చూడ్డానికి బక్క, లోపల కొవ్వు. రక్తంలో చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండ. కండే తక్కువైతే షుగర్ ఎందుకొస్తుందో మీకే అర్థమవుతుంది.

ఇదే యాజ్ఞిక్, లండన్‌ డాక్టర్ జాన్ యడ్కిన్‌తో కలిసి ఒక ఫోటో వేశాడు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! మీ ఫోన్‌లో బీఎంఐ యాప్ "నార్మల్" అని చూపించగానే సంబరపడకండి అనేది అందుకే.

పుణేలో ఇంకో సంగతి తేలింది. బిడ్డ ఎదుగుదల తల్లి తిన్న మొత్తం క్యాలరీలతో కాదు, ఆకుకూరలు, పళ్లు, పాలతో ముడిపడి కనిపించింది. తల్లికి బీ12 తక్కువగా ఉండి ఫోలేట్ ఎక్కువగా ఉన్నచోట, ఆరేళ్లకు పిల్లల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువ. అలాగని డాక్టరిచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపొద్దు, అవి బిడ్డ వెన్నెముకకు అవసరం. బీ12 కూడా చూసుకోవాలి అంతే. కొర్రన్నం, రాగి సంగటి మంచివే, కానీ వాటిలో బీ12 లేదు. అది పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలో ఉంటుంది.

సరే, తిండి పెడితే మారుతుందా? దీనికి మన తెలుగు నేల మీదే పరీక్ష జరిగింది. 1987-90లో హైదరాబాద్ దగ్గర 29 పల్లెలు. పదిహేనింటిలో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న-సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా పద్నాలుగు ఊళ్లకు ఆ పథకం ఇంకా రాలేదు. 2003-05లో 13 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని 1,165 మందిని కొలిచారు. ఉప్మా ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు. ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. కొవ్వులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ పిల్లలు పుట్టాక కూడా ఉప్మా తిన్నారు కాబట్టి ఇదంతా గర్భంలోని తిండి ఫలితమే అని నేను చెప్పను. కానీ "ఉప్మా పెడితే ఏమొస్తుంది?" అని ఎగతాళి చేసేవాళ్లకు ఇది చాలు.

ఇంకొక్క మాట. ధాత కరువు నుంచి ఈ రోజు మన షుగర్ దాకా ఒక గీత గీసేయొద్దు. మధ్యలో నూటయాభై ఏళ్లున్నాయి. అయితే 1952లో కూడా సీమలో గంజి కేంద్రాలు తెరవాల్సొచ్చింది. అంటే మన అవ్వాతాతల కాలం దాకా ఆకలి ఉంది. చిన్నగా పుట్టిన ఆడపిల్ల తల్లయితే ఆమె బిడ్డ కూడా చిన్నగా పుట్టే అవకాశం ఎక్కువ. చరిత్ర ఒక తరంతో ఆగదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాటకొస్తాను. 1877లో కడుపుతో ఉన్న ఆమె తిండి దొర చేతిలో ఉంది. ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమైతాది, తక్కువ తిను" అని చెప్పే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మగవాళ్లు తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్లున్నారు. అంగన్‌వాడీ నుంచి ఆమె పేరు మీద వచ్చిన గుడ్లు ఇంటిల్లిపాదీ పంచుకోవడమూ ఉంది. తర్వాత బిడ్డకు ఏమైనా అయితే "నువ్వు సరిగా తినలేదు" అని అనేది ఆమెనే. ఇది న్యాయం కాదు.

ఈ ఎపిసోడ్ చూస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో అక్కో వదినో కడుపుతో ఉంటే, ఆ గుడ్డు, ఆ పాలు ఆమె పళ్లెంలోకే చేరేటట్టు చూడండి. షుగర్ పరీక్ష చేయించారా, బీ12 సంగతి డాక్టరును అడిగారా అని కనుక్కోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన కరువు కథలుంటే కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.