గజ్జి మందు రాసిన చేయి (మన పేటల చరిత్ర - 7)



పోయిన భాగంలో గోదావరి జిల్లాల పేటల్లోకి బడులు ఎలా వచ్చాయో రాశాను. అది చదివి చాలామంది ఒకటే అడిగారు: బడి వచ్చాక కూడా మన పిల్లలు ఎందుకు నిలవలేదు? ఆకలి, కూలి, కులం మీకు తెలిసినవే. ఎవరూ రాయని కారణం ఇంకొకటుంది. గజ్జి.

నవ్వకండి. గజ్జి, తామర, పేలు, కండ్లకలక, చెవిలో చీము, నులిపురుగులు. ప్రాణం తీసే జబ్బులు కావు, బడి మాన్పించే జబ్బులు. న్యూయార్క్‌లో కూడా డాక్టర్లు బడికొచ్చి, జబ్బున్న పిల్లల్ని ఇంటికి పంపేసి వెళ్లిపోయేవారు. మందిచ్చే దిక్కు లేదు. 1902లో లిలియన్ వాల్డ్ పూనికతో లీనా రోజర్స్ అనే నర్సు నాలుగు బడుల్లో పని మొదలుపెట్టింది. బడిలోనే కట్లు కట్టి, సాయంత్రం ఇళ్లకెళ్లి తల్లులకు చూపించింది. ఏడాది తిరిగేసరికి జబ్బు పేరుతో బడి మానేవాళ్లు పదో వంతుకు పడిపోయారు. మన దేశంలో బడిపిల్లలకు వైద్య పరీక్షలు 1909లో బరోడాలో మొదలయ్యాయి.

మన డెల్టాలో ఆ పని ముందుగా మిషన్ బోర్డింగుల్లో జరిగింది. లూథరన్ మిషన్ డాక్టర్ లిడియా వెర్నర్ 1899లో రాజమండ్రి వచ్చింది. స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి 1911లో తెరిచారు. అయితే మిషనరీల రాతలు మన జబ్బులకు మురికినీ అజ్ఞానాన్నీ కారణంగా చూపించాయి. ఇది నేను ఒప్పుకోను. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది, కాలవల నిండా నీళ్లు. ఊరి చెరువులో మాత్రం మన బిడ్డ ముఖం కడుక్కోకూడదు. బావులూ చెరువులూ అందరివీ అని మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం నెగ్గించడానికి 1924 దాకా పట్టింది. కండ్లకలకకు ముఖం కడిగే నీళ్లే సగం మందు. ఆ నీళ్లు ఆపిందెవరు?

గజ్జి సంగతి వేరు. అది పురుగు వల్ల వస్తుంది, పక్కలో పడుకుంటే అంటుకుంటుంది. ఒక్క బిడ్డకు మందు రాసి అయిదుగురున్న గుడిసెకు పంపితే వారంలో మళ్లీ మొదలు. మా మామ్మ 1940ల్లో ఒక బోర్డింగులో చదివింది. శనివారం రాత్రి అందరికీ ఒకేసారి మెడ నుంచి కాళ్ల దాకా గంధకం లేపనం రాసేవారట, బట్టలు డేగిసాలో ఉడకబెట్టేవారట. రాసింది దొరసాని కాదు, మన పేట నుంచే వెళ్లిన ఆయమ్మ. ఏ రిపోర్టులోనూ ఆమె పేరుండదు.

ఇంకో మాట. కుసుమ ధర్మన్నను మేము క్లాసులో కవిగానే చెప్తాం. ఆయన రాజమండ్రిలో వైద్యుడు కూడా. ఆ వైపు నుంచి ఆయన్ను చదివినవాళ్లు తక్కువ.

ఇక సర్కారు. బడి ఆరోగ్య సేవలు దేశంలో లేనట్టేనని 1946లో భోర్ కమిటీ చెప్పింది. 1960లో రేణుకా రే అధ్యక్షతన ఇంకో కమిటీ వేశారు. మన రాష్ట్రంలో జవహర్ బాల ఆరోగ్య రక్ష 2010లో గానీ రాలేదు.

నేను ఎలిమెంటరీ బడిలో ఉండగా ఒకసారి డాక్టరొచ్చాడు. ముందు వరసల పిల్లల కనురెప్పలు తిప్పి చూశాడు. మా వరస దగ్గరికొచ్చి, మూడడుగుల దూరం నుంచి టార్చి వేసి, నోరు తెరవమని, కార్డులో ఏదో రాసుకుపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చి మా బడికి డాక్టరొచ్చాడని గొప్పగా చెప్పాను. మామ్మ బియ్యం ఏరడం ఆపి ఒకటే అడిగింది.

"చెయ్యేసి చూశాడంట్రా?"